ఐదో మలుపు లోపలి చేను

న్యాల్‌కల్ వైపు వెళ్లే బాటలో, జహీరాబాద్‌కు కొంత దూరంలో, మోటారు సైకిళ్ల పందేలకు కట్టిన సర్క్యూట్ ఒకటి ఉంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాన్ని చక్కర్ అంటారు. దాని చరిత్ర రాసిపెట్టమని, పోయిన ఏడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, దాని యజమాని మా ఇంటికి వచ్చాడు. నాలుగు పేజీలు చాలన్నాడు. నున్నటి కాగితం మీద రంగుల బొమ్మలతో అచ్చు వేయిస్తానన్నాడు. ఈ పనికి నన్ను మించినవాడు ఈ తాలూకాలో లేడని కూడా అన్నాడు. ఆ మాటను నేను ఖండించలేదు.

కారణం నా డైరీలు. నేను సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఈ రోజు దాకా ఒక్క రోజు కూడా తప్పకుండా డైరీ రాశాను. ప్రతి పేజీలో నాలుగు సంగతులు ఉంటాయి. ఆకాశం ఎట్లా ఉంది, గాలి ఎటు నుంచి వచ్చింది, ఏ భూమి కొలిచాను, ఏం తిన్నాను. మొదటి మూడింటి మీద మా ఆవిడకు గౌరవం ఉంది. నాలుగో దాని సంగతి వచ్చినప్పుడు మాత్రం ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది.

యజమాని కోస్తా వైపు మనిషి. ఇక్కడి ఫ్యాక్టరీలో ఇంజనీరుగా పనిచేయడానికి వచ్చి, తర్వాత ఉద్యోగం వదిలేసి ఈ చక్కర్ పెట్టుకున్నాడు. అందుకని ఊరంతా ఇప్పటికీ ఇంజనీరు సారు అంటుంది. ఆయన నన్ను మాస్టారు అంటాడు. నేను ఎవరికీ ఏ పాఠమూ చెప్పలేదని రెండుసార్లు సరిదిద్దాను. మూడోసారికి ఆ పని మానుకున్నాను.

ఆ రోజు ఆయన తన పాత బ్రోచర్ కూడా తెచ్చాడు. అందులో సర్క్యూట్ బొమ్మ, ఏడు మలుపులు, ఒక్కో మలుపుకు ఒక్కో ఇంగ్లీషు పేరు ఉన్నాయి. ప్రతి మలుపు వెనక లోతైన ఆలోచన ఉందని కింద రాసి ఉంది. ఆ ఏడు మలుపులూ పుట్టేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. నాకు ఆలోచన ఎక్కడా ఎదురుపడలేదు. బహుశా నేను భోజనానికి వెళ్లినప్పుడు వచ్చి వెళ్లి ఉంటుంది.

మొదటి సర్క్యూట్ ఒక చాయ్ హోటల్‌లో మొదలైంది. నేను రిటైరైన కొత్త. ఇంజనీరు క్యాలెండర్ కాగితం వెనక ఒక కోడిగుడ్డు బొమ్మ గీసి, దీన్ని నేల మీద పెట్టాలన్నాడు. నేల అంటే ఆయన అప్పుడే కొన్న ఎర్రమట్టి భూమి. పదేళ్లు వరుసగా అల్లం పండించి పండించి దాని ఓపిక అయిపోయిందని అమ్మినవాళ్లే చెప్పుకునేవారు. సర్కారు గొలుసుకు తిన్నగా పోవడం ఒక్కటే తెలుసునని, గుడ్డును కొలవడం నా సర్వీసులో రాలేదని నేను చెప్పాను. అప్పుడు హోటల్‌వాడు బడి మైదానాల్లో కబడ్డీ గీతలకు సున్నం పోసే మనిషి ఉన్నాడన్నాడు. ఆ మనిషి మరునాడే వచ్చాడు.

తిన్నని గీతలు పోయడంలో అతనికి సాటి లేదు. వంపు వచ్చిన చోట మాత్రం ఒక మేకు పాతి, దానికి తాడు కట్టి, తాడు పట్టుకుని చుట్టూ నడిచాడు. ఆ తాడు అతని బర్రెది. తాడు పొడవు ఒక్కటే కాబట్టి వంపులన్నీ ఒకే కొలతకు వచ్చాయి. గుడ్డుకు ఉండవలసిన లావు వైపు, సన్న వైపు రెండూ సమానమైపోయాయి. ఇంజనీరు నీళ్ల ట్యాంకరు ఎక్కి చాలాసేపు చూశాడు. కిందికి దిగి, మొదట్లో అన్నీ ఇలాగే ఉంటాయి లెండి అన్నాడు. ఆ తర్వాత మద్రాసు నుంచి వచ్చిన ఒక నిపుణుడు, వంపులన్నీ ఒకే కొలతలో ఉండడం కొత్తగా నేర్చుకునేవాళ్లకు ధైర్యాన్నిస్తుందని మెచ్చుకున్నాడు. బర్రె సంగతి చెబుదామని నేను నోరు తెరిచాను. ఇంజనీరు నా చేతిలో బిస్కట్ల ప్లేటు పెట్టాడు.

ఫ్యాక్టరీ కుర్రకారు ఆదివారాలు ఆ మట్టి మీదే బండ్లు తిప్పేవారు. సాయంత్రానికి అందరూ ఒకే రంగులో ఇళ్లకు వెళ్లేవారు. ఎవరి భర్త ఎవరో గుర్తుపట్టడానికి ముందు నీళ్లు పోయాల్సి వచ్చేదని కార్మికుల కాలనీలో చెప్పుకున్నారు.

రెండో సర్క్యూట్ తారుది. ఈసారి కాగితం మీద నిజమైన ప్లాను ఉంది, కంప్యూటరులో గీసింది. తూర్పున పొడుగ్గా తిన్నని బాట. ఆ బాట మధ్యలో రెండు కరెంటు స్తంభాలు. వాటిని జరపమని దరఖాస్తు పెట్టారు. దరఖాస్తు నడుస్తూ ఉండగానే తారు వేసే కాంట్రాక్టరు, తన రోలరు ఈ వారం తప్ప మళ్లీ ఆరు నెలల దాకా దొరకదన్నాడు. రోలరు వచ్చింది. మొదటి స్తంభానికి ఎడమగా, రెండో దానికి కుడిగా తిరిగి వెళ్లిపోయింది. తారు ఆరిన తర్వాత కరెంటువాళ్లు ఎవరూ అడగకుండానే వచ్చి, రెండు స్తంభాలూ పీకి గట్టు పక్కన పాతి, సంతకం తీసుకుని వెళ్లారు. స్తంభాలు పోయాయి, వంకర మిగిలింది. బ్రోచర్‌లో దాని పేరు రిథమ్ బ్రేకర్. వేగంగా వచ్చే రైడరు ఏకాగ్రతను పరీక్షించడానికి ప్రత్యేకంగా రూపొందించారని రాశారు.

మూడో మలుపు ఇంకా గొప్పది. ప్రారంభోత్సవానికి శామియానా వేయాలి. నీడ పడే చోటు అదొక్కటే కాబట్టి పెద్దలు కూర్చునే వేదికను బాట మీదనే కట్టారు. వేదిక పక్కన ఒక శిలాఫలకం నిలబెట్టారు. దాని మీద పద్నాలుగు పేర్లు ఉన్నాయి. కార్యక్రమం అయిపోయాక శామియానా విప్పారు, కుర్చీలు తీసుకుపోయారు. శిలాఫలకాన్ని కదిలించడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలలేదు. పద్నాలుగు మందిలో ఎవరు మళ్లీ గెలుస్తారో ఎవరికి తెలుసు? అందుకని బాటనే కదిలించారు. ఇప్పటికీ రైడర్లు అక్కడికి వచ్చేసరికి వేగం తగ్గించి, ఒంగి, ఫలకం చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు వెళతారు. దూరం నుంచి చూసేవాళ్లకు భక్తిలా కనిపిస్తుంది.

ఇక ఐదో మలుపు. ఇది మూడో సర్క్యూట్‌తో వచ్చింది. ఈ వ్యాసం అసలు దీని గురించే.

దక్షిణం వైపు పెంచుదామని ఇంజనీరు ఇంకొంత భూమి కొన్నాడు. అందులో ఇద్దరు అన్నదమ్ములు పంచుకున్న చేను ఉంది. ఉత్తరం భాగం తమ్ముడిది. అతను అమ్మేశాడు. దక్షిణం భాగం అన్నది, ఎకరం ఐదు గుంటలు. అన్న పోయి చాలా ఏళ్లయింది. అతని భార్య ఆ చేనులో వానాకాలం పెసర, యాసంగికి శనగ, జొన్న వేసుకుంటుంది. గట్టు పొడుగునా కుసుమలు చల్లుతుంది, పశువులు ముళ్లకు జంకి లోపలికి రాకుండా. ఆమె అమ్మనంది. ఇంజనీరు నాలుగుసార్లు వెళ్లి అడిగాడు. నాలుగుసార్లూ మజ్జిగ ఇచ్చి పంపింది. అప్పుడు సర్క్యూట్ ఆమె చేనుదాకా వచ్చి, చేను చుట్టూ తిరిగి, వచ్చిన దిక్కుకే వెళ్లిపోయింది. బ్రోచర్‌లో దీని పేరు గ్రీన్ హెయిర్‌పిన్. మధ్యలో పచ్చగా కనబడేది శనగ చేనని రాయలేదు.

చేను మలుపు లోపల ఉంది. ఊరికి పోయే బాట బయట ఉంది. మధ్యలో తారు. ఆమె రోజూ తారు దాటాలి. అందుకని టైర్ల గోడలో ఒక సందు వదిలి, వెదురు తలుపు పెట్టారు. పందేల రోజు ఆమె అక్కడికి వచ్చి నిలబడితే జెండా ఊపేవాడు ఎర్ర జెండా ఎత్తాలి. హైదరాబాదు నుంచి వచ్చే రైడర్లు, సోఫా తొడుగుల్లాంటి తోలు బట్టల్లో, ఇంజన్లు గుర్రుమనిపిస్తూ ఆగిపోయేవారు. ఆమె గడ్డిమోపుతో దాటేది. తొందరగా దాటిన రోజు నేను చూడలేదు. ఒకసారి ముందు నిలబడ్డ కుర్రాణ్ణి, ఎన్ని చక్కర్లు కొడతావని అడిగింది. ఇరవై అన్నాడు.

“ఇరవై తిరిగి మల్ల గీడికే వచ్చేటోనివి. గంత తొందరేంది బిడ్డా?” అంది.

ఆ కుర్రాడు హెల్మెట్ తీసి నవ్వాడు. అప్పటి నుంచి ఆమె అక్కడి రైడర్లందరికీ అవ్వ అయింది.

నాలుగో సర్క్యూట్ దగ్గర చిక్కు వచ్చింది. పెద్ద పందేలు జరపాలంటే పై స్థాయి లైసెన్సు కావాలి. అది ఇచ్చేవాళ్లు వచ్చి చూసి, బాటకు అడ్డంగా మనిషి నడిచే దారి ఉండకూడదని, చుట్టూ కంచె మూసేయాలని చెప్పారు. అది న్యాయమే. ఇంజనీరు ఆమెకు వేరే దారి చూపించాడు. వాగు పక్క నుంచి, చక్కర్ వెనకగా చుట్టు తిరిగి రావాలి. రెండు కిలోమీటర్లకు పైనే. నల్లరేగడి. వాన పడితే బండి చక్రం ఇరుసుదాకా దిగుతుంది. విత్తనాలు వేసే తడి పదునులోనే ఆ దారిలో బండి పోదు. ఆ దారి ఇవ్వడమంటే చేను వదులుకో అని చెప్పడమే. ఆమెకు బతుకుతెరువు ఆ ఎకరం ఐదు గుంటలే.

ఆమె మా ఇంటికి వచ్చింది. ఆ పాత పంపకం కొలిచింది నేనే, నక్షా గీసింది నేనే. మరిది అమ్మిన భాగంలోంచి తను నడిచే దారి సంగతి నేను చెబితే ఆఫీసులో నమ్ముతారని ఆమె ఆశ. అరుగు మీద కూర్చుని, మా ఆవిడ ఇచ్చిన చాయ్ తాగి, సంగతంతా చెప్పింది. నేను లోపలికి వెళ్లి నా దగ్గరున్న నక్షా నకలు తెచ్చి పరిచాను. రెండు భాగాలు, నాలుగు హద్దురాళ్లు, కింద నా సంతకం ఉన్నాయి. దారి మాత్రం లేదు.

నేను గీసిన నక్షాలో లేకపోతే నేల మీద కూడా లేనట్టేనని ఆమెకు చెప్పాను. ఈ మాట నేను చాలా హుందాగా అన్నాను. నా సర్వీసులో నా నక్షా తప్పని ఒక్క ఫిర్యాదు కూడా రాలేదని కలిపాను.

ఆమె నక్షా వైపు చూడలేదు. నా వైపు చూసింది.

“ముప్పై ఏండ్ల సంది నడుస్తున్న సారు. గాలిల నడిచిన్నా?”

నేను నక్షా మడిచాను. ఆమె గ్లాసు కడిగి అరుగు మీద బోర్లించి వెళ్లిపోయింది. ఆ రోజు డైరీలో, చదువు లేనివారికి రికార్డు విలువ తెలియదు అని రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పటికీ అక్కడే ఉంది. కొట్టేయడం నా పద్ధతి కాదు.

ఆ వారంలోనే చరిత్ర రాయడానికి కూర్చున్నాను. ప్రతి చరిత్రకూ మూలం ఉండాలి కదా. చక్కర్ కింద ఉన్న భూములు మొదట ఎవరివి, ఎప్పుడు కొలిచాను అని వెనక్కి వెళ్లడం మొదలుపెట్టాను. ట్రంకు పెట్టెలోంచి పాత డైరీలు వరుసగా తీశాను. మూడో రోజు మధ్యాహ్నం అన్నదమ్ముల పంపకం పేజీ దొరికింది. అది ఎల్లమాస నాటిది.

ఎల్లమాస అంటే ఈ కర్ణాటక అంచు ఊళ్లలో మార్గశిర అమావాస్య పండుగ. ఆ రోజు ఇళ్లకు తాళం పెట్టి అందరూ చేలకు వెళతారు. జొన్న చేను మధ్యలో ఐదు రాళ్లకు సున్నం పూసి పూజ చేసి, అక్కడే తింటారు. సజ్జ రొట్టెలు, ఆకుకూరలు, గింజలన్నీ కలిపి వండిన భజ్జి, అంబలి ఉంటాయి. దారిన పోయేవాణ్ణి కూడా పిలిచి కూర్చోబెడతారు. పంపకాల కొలతలకు నేను ఆ రోజునే ఎంచుకునేవాణ్ణి. అన్నదమ్ములందరూ ఒకే చోట దొరుకుతారు, ఎవరినీ పిలిపించే పని ఉండదు. నా తోటి సర్వేయర్లు దీన్ని తెలివి అనేవారు. భోజనం కూడా అందులో భాగమేనని నేను వాళ్లకు చెప్పలేదు.

ఆ పేజీలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. “ఎల్లమాస. ఆకాశం నిర్మలం. గాలి ఉత్తరం. అన్నదమ్ముల పంపకం. పెద్దవానికి దక్షిణం, చిన్నవానికి ఉత్తరం. పెద్దవాని చేనుకు దారి చిన్నవాని పడమటి గట్టు వెంట తొమ్మిది అడుగులు. ఇద్దరూ ఒప్పుకున్నారు. నక్షాలో ఇప్పుడే గీస్తానంటే, అందరం ఒక్క పళ్లెంలో తింటున్నాం, పండుగ పూట అన్నదమ్ముల నడుమ గీత ఎందుకు అన్నారు. బాగుండదని నేనూ ఊరుకున్నాను. రేపు గీయవలె.” దాని కింద భోజనం వివరం ఏడు పంక్తులు ఉంది.

మరునాటి పేజీ తిప్పాను. “కోహీరులో కొలత. ఆకాశం మబ్బు. గాలి తూర్పు. జామపండ్లు బాగున్నవి.”

గీత గీసిన సంగతి ఆ పేజీలో లేదు. ఆ తర్వాతి పేజీలో లేదు. ఆ ఏడాది మొత్తం వెతికాను. గీయలేదు.

ఆ మధ్యాహ్నం నుంచి నాలుగు రోజులు డైరీలో నేను రాసింది ఇంతే: విశేషాలు లేవు. ఆకాశం, గాలి కూడా రాయలేదు. ఊరందరి చేలగట్లు సరిచేసినవాణ్ణి, ఇప్పుడు తహసీల్ ఆఫీసుకు వెళ్లి నా నక్షా తప్పని నేనే చెప్పాలి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ డైరీ మళ్లీ ట్రంకు అడుగున పెడితే చాలు. అన్న పోయాడు, తమ్ముడు ఎట్లాగూ చెప్పడు, ఆ అవ్వ మాటకు రికార్డు లేదు. ఈ లెక్కలన్నీ నేను చక్కగా వేశాను. పద్ధతిగల మనిషిని కదా.

ఐదో రోజు మా ఆవిడ టేబుల్ మీద తెరిచి ఉన్న డైరీ చూసింది. ఆమె నా డైరీలు చదవదు, కానీ ఎల్లమాస అన్న మాట కనబడి ఆగినట్టుంది. మొత్తం చదివి, చాట తెచ్చుకుని కూర్చుంది. తర్వాత బియ్యం ఏరుతూ అంది.

“ఊరందరి తప్పులు రాసుకుంటిరి గదా. మీదొక్కటి పోయి సదివి ఇనిపియ్యిన్రి.”

ఆ రోజే దరఖాస్తు రాశాను. తహసీల్దారు మర్యాదస్తుడు. నన్ను కూర్చోబెట్టి, డైరీ సర్కారు రికార్డు కాదని నెమ్మదిగా చెప్పాడు. అది నాకూ తెలుసు. అయినా చేను మీద అందరి ఎదుట విచారణ చేయమని కొత్త సర్వేయరమ్మకు రాశాడు.

కొత్త సర్వేయరమ్మ ఒక పొడుగాటి కర్ర మీద యంత్రం పెట్టుకుని వచ్చింది. ఆకాశంలోని ఉపగ్రహాలతో మాట్లాడి అది కొలత చెబుతుందట. నా గొలుసు ఎన్నడూ ఎవరితో మాట్లాడలేదు. ఐదో మలుపు దగ్గర అప్పటికే కంచె స్తంభాలు పాతేశారు. నేను విశేషాలు లేవని రాసుకున్న ఆ నాలుగు రోజుల్లోనే పాతారట. ఇంజనీరు అక్కడ ఒక టైరు మీద కూర్చుని ఉన్నాడు. చేను అమ్మిన తమ్ముడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అవ్వ కాస్త దూరంగా తన గట్టు మీద కూర్చుంది. పక్కన శనగ విత్తనాల సంచి ఉంది. పదును ఆరిపోకముందే వేయాలి, ఇంకో రెండు మూడు రోజులకు మించి ఆగదు.

సర్వేయరమ్మ ముందు తమ్ముణ్ణి అడిగింది. అతను తడుముకోకుండా చెప్పాడు. దారి ఎన్నడూ లేదు. వదినె కదా అని నడవనిచ్చాం. మర్యాదకు వదిలింది హక్కు ఎట్లవుతుంది. కాగితంలో దారి లేదని రాసే అమ్మాను, ఇప్పుడు ఉందంటే నా మీదికి వస్తది. అతని భయం అదీ. అబద్ధం చెబుతున్నట్టు అతని ముఖంలో కనిపించలేదు. చాలా ఏళ్లు చెప్పుకున్న మాట అట్లాగే ఉంటుంది.

ఇంజనీరు తన వంతు చెప్పాడు. “నాకు ఆవిడంటే గౌరవమేనండీ. కానీ నేను కాగితం చూసే కొన్నాను. ఆ కాగితం మాస్టారు గీసిందే కదండీ.”

అందరూ నా వైపు తిరిగారు. నేను డైరీ తీసి చదివాను. ఆకాశం దగ్గర నుంచి చదివాను, పద్ధతి ప్రకారం. తొమ్మిది అడుగుల దారి, ఇద్దరూ ఒప్పుకోవడం, రేపు గీయవలె అన్నది, మరునాడు గీయకపోవడం, అన్నీ చదివాను. సర్వేయరమ్మ వింటూ రాసుకుంది. తమ్ముడు మాత్రం, సారు ఇంట్ల కూసోని ఏమన్న రాసుకోవచ్చు, నిన్న గూడ రాయొచ్చు అన్నాడు. అందులో న్యాయం ఉంది. ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. సర్వేయరమ్మ, కింద ఇంకా ఏదో ఉంది కదా సార్, పూర్తిగా చదవండి అంది.

కింద ఉన్నది భోజనం. చదవక తప్పలేదు. ఉపగ్రహ యంత్రం ముందు నిలబడి, సజ్జ రొట్టెలు ఆరు తిన్నానని చదివాను. అవ్వ గట్టు మీద తల దించుకుంది, నవ్వు ఆపుకోవడానికే అనుకుంటాను. అంబలి రెండు గ్లాసులు. భజ్జిలో ఉప్పు లేదు. పెద్దవాని భార్య ఇంటి నుంచి ఉప్పు తేవడం మరిచింది. పక్క చేనువాళ్లను అడిగి తెచ్చింది. అప్పటిదాకా చిన్నవాడు పళ్లెం ముట్టలేదు.

“గది తప్పు,” అన్నాడు తమ్ముడు.

సర్వేయరమ్మ కలం ఆపింది.

“ఉప్పు మరిచింది మా వదినె కాదమ్మా. సంచి మోసింది నేను. ఇంటి కడప మీద పెట్టి చెప్పులు తొడుక్కున్న, పొట్లం ఆడనే మరిచిన. అన్న తిడతడని ఆమె తన మీద యేసుకున్నది. సారుకు ఎర్కలేక గట్ల రాసుకున్నడు.”

గట్టు మీది నుంచి ఆమె ఈసారి తల ఎత్తింది. ఇన్నేళ్లు వాళ్లిద్దరి మధ్య మాటల్లేవని నాకు తర్వాత తెలిసింది.

సర్వేయరమ్మ మెత్తగానే అడిగింది. “ఉప్పు సంగతి గింత సక్కగ యాదికున్నది. తొవ్వ సంగతి యాదికి లేదా కాకా?”

అతను టైర్ల గోడ వైపు తిరిగాడు.

“ఉండె,” అన్నాడు.

ఆ ఒక్క మాట రాసుకుని, కింద అతనితో సంతకం పెట్టించుకుంది. నేనూ సాక్షిగా పెట్టాను. ఇంజనీరు టైరు మీది నుంచి లేచి, పాతిన స్తంభాలను ఒకటొకటే చూస్తూ కొంత దూరం వెళ్లి, తిరిగి వచ్చాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

“ఒక్క వారం ముందు చెప్పుంటే బాగుండేదండీ, మాస్టారూ,” అన్నాడు.

తహసీల్దారు ఉత్తర్వు తొందరగానే వచ్చింది. పడమటి గట్టు వెంట తొమ్మిది అడుగుల దారి నక్షాలో ఎక్కించాలని, అప్పటి సర్వేయరు అజాగ్రత్త వల్ల ఇది నమోదు కాలేదని అందులో రాశారు. అజాగ్రత్త అన్న మాట నాలుగుసార్లు చదివాను. కచ్చితమైన మాటే. నేను రాసినా అదే రాసేవాణ్ణి.

నాలుగో సర్క్యూట్ మళ్లీ గీశారు. బాట ఇప్పుడు దారిదాకా రాకుండానే వెనక్కి తిరుగుతుంది. ఆమె చేను, దారి రెండూ కంచె బయట ఉన్నాయి. సర్క్యూట్ పొట్టిదైంది. పై స్థాయి లైసెన్సు రాలేదు, దాని కిందిది వచ్చింది. ఆ స్థాయికి సరిపడే పందేలు జరుగుతున్నాయి. నేను రాసిన చరిత్రను ఇంజనీరు అచ్చు వేయించాడు. బర్రె తాడు, కరెంటు స్తంభాలు, శిలాఫలకం అందులో లేవు. కొత్త ఐదో మలుపు గురించి మాత్రం ఒక పేరా ఉంది. పర్యావరణాన్ని, స్థానిక సంప్రదాయాలను గౌరవిస్తూ, రైడరు ఓర్పును పరీక్షించడానికి దీన్ని వెనక్కి జరిపారట. కింద రచయితగా నా పేరు వేశారు. ఇది కూడా ఒక రికార్డే, దీన్ని సరిదిద్దమని ఎవరికి దరఖాస్తు పెట్టుకోవాలో తెలియలేదు.

దారికి రాళ్లు పాతిన రోజు నేనూ వెళ్లాను. విచారణ అయిన రెండో రోజే అది. పదును పోతుందని సర్వేయరమ్మ ఉత్తర్వు కోసం ఆగకుండా గుర్తులు పెట్టించింది. యంత్రం చెప్పిన చోట రెండు వైపులా రాళ్లు నిలబెట్టి, తొమ్మిది అడుగులు సరిచూసి, నా చేత కూడా టేపు పట్టించింది. ఒక అంగుళం కూడా తేడా లేదు. అవ్వ విత్తనాల సంచి కింద పెట్టి అంతా అయ్యేదాకా చూసింది. తర్వాత నన్ను అడిగింది.

“గీ గీత గప్పుడే గీస్తే ఏమైతుండె సారు?”

రేపు గీద్దామనుకున్నానని చెప్పాను. డైరీలో ఉన్నదీ అంతే.

ఆమె సంచి నెత్తిన పెట్టుకుంది. యంత్రం పెట్టించిన రాళ్ల మధ్య నుంచి కాకుండా, వాటికి రెండడుగులు ఇవతలగా, ఇన్నేళ్ల తన నడకకు గడ్డి మొలవకుండా నున్నగా గట్టిపడ్డ మట్టి మీదుగా నడిచి చేనులోకి వెళ్లింది. సర్వేయరమ్మ ఆ మట్టిని చూసి, రాళ్లను చూసి, నన్ను చూసింది. నేను టేపు చుట్టడం మొదలుపెట్టాను.